గులిజార్ నోటిమాట

ఆ మంగళవారం ఉదయానికి గులిజార్ వేసుకున్న పథకంలో ఫైరింజన్ లేదు. అయిదున్నరకు లేవడం, నమాజు, ఏడున్నరకు టీ, ఎనిమిదింటికి ముదురు నీలం గౌను, ఎనిమిదీ నలభైకి ట్రామ్, తొమ్మిదింబావుకల్లా పురపాలక భవనం మూడో అంతస్తులో కుర్చీ. లోపలికి పిలిచేది తొమ్మిదిన్నరకే. అయినా హెర్నే పట్టణంలో సరిగ్గా సమయానికి వెళ్ళినవాణ్ణి ఆలస్యంగా వచ్చినవాడిలాగే చూస్తారు. పద్దెనిమిదేళ్ళ పిల్లగా రైలు దిగి యాభై మూడేళ్ళు గడిచాక, డెబ్భై ఒకటో ఏట, జర్మనీ దేశం ఆమెను కూర్చోబెట్టి నువ్వు మా మనిషివేనా అని అడగబోతోంది. ఆ ప్రశ్నకు ఆమె ఒంటరిగా వెళ్ళి జవాబు చెప్పదలుచుకుంది.

ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదంటే తప్పు ఆమెదే, గొప్పా ఆమెదే. భర్త దుర్ముష్, బొగ్గుగనిలో పనిచేసి దిగిపోయినవాడు, పాతికేళ్ళ కిందటే తుర్కీ పౌరసత్వం తిరిగిచ్చేసి జర్మన్ అయిపోయాడు. అప్పట్లో ఒకటి వదిలితేగానీ రెండోది ఇచ్చేవారు కాదు. గులిజార్ ససేమిరా అంది. "అత్తారింట్లో వందేళ్ళుండమన్నా ఉంటాను. పుట్టింటివాళ్ళు నాకేమీ కారని సంతకం పెట్టమంటే మాత్రం పెట్టను" అంది. అది మొదలు ప్రతి ఎన్నికల ఆదివారం దుర్ముష్ బూట్లు తుడుచుకుని, టై కట్టుకుని, బడికి వెళ్ళి ఓటేసి వచ్చేవాడు. ఆవిడ బడి గోడ పక్కన ఆయన గొడుగు పట్టుకుని నిలబడేది. "ఎవరికి వేశావు?" అని అడిగితే, "రహస్యం. నీకు చెప్పకూడదు, నువ్వు విదేశీయురాలివి" అనేవాడు. ఒక్కసారంటే సరదా. పాతికేళ్ళ పాటు, ఊరి ఎన్నికా దేశం ఎన్నికా అన్నిటికీ అదే మాట.

నిరుడు చట్టం మారింది. రెండూ ఉంచుకోవచ్చన్నారు. మర్నాడే ఆవిడ కూతురు నెర్గిస్‌కు ఫోన్ చేసి దరఖాస్తు తెమ్మంది. "పాస్‌పోర్టు ఏం చేసుకుంటానే, నాకున్నది చాలు. ఓటేసే ఆ అట్ట తెర వెనక్కి నేనూ వెళ్ళాలి. వెళ్ళొచ్చి మీ నాన్నకు చెప్పకూడదు" అంది.

డెబ్భై నాలుగుకు ముందు పనికి వచ్చినవాళ్ళకు రాతపరీక్షలు అక్కర్లేదని కూడా ఆ చట్టంలోనే ఉంది. మొదట గులిజార్‌కు ఒళ్ళు మండింది. "మాఫీనా? నేనేం తప్పు చేశానని మాఫీ?" అంది. నెర్గిస్ నచ్చచెప్పింది. "తప్పు కాదమ్మా, మర్యాద. అప్పట్లో మీచేత పని చేయించుకున్నారేగానీ ఎవరూ భాష నేర్పలేదు కదా. అందుకని నోటిమాట ఒక్కటి వస్తే చాలన్నారు."

"మర్యాదైతే సరే" అంది తల్లి.

చిక్కంతా ఆ నోటిమాటతోనే వచ్చింది. సంతలో, ట్రామ్‌లో, మెట్ల మీద గులిజార్ జర్మన్ గలగలా పారుతుంది. దీపాల కార్ఖానాలో పక్కపక్కన నిలబడి పనిచేసిన ఆడవాళ్ళ దగ్గర, వాళ్ళ తిట్లతో సహా నేర్చుకున్న భాష అది. కానీ ఒక బల్ల, బల్ల మీద ముద్ర, బల్ల వెనక మనిషి కనిపించారంటే చాలు, నాలుక అంగిటికి అతుక్కుపోతుంది. వచ్చిన కొత్తలో ఏదో ఆఫీసులో ఆమె కూడబలుక్కుని చెప్పిన మొదటి వాక్యానికి బల్ల వెనకాయన పడీపడీ నవ్వాడు. పక్కగదిలోవాళ్ళను పిలిచి మళ్ళీ చెప్పించాడు. ఆ రోజు నుంచీ బల్లల ముందు ఆవిడ మూగది. నెర్గిస్‌కు ఎనిమిదేళ్ళు రాగానే తల్లికి నోరు ఆ పిల్లే అయింది. బడిలో తన మీద వచ్చిన ఫిర్యాదును తనే తర్జుమా చేసి తల్లికి చెప్పిన పిల్ల అది. ఎంత నిజాయితీగా చెప్పిందో దేవుడికెరుక.

ఇప్పుడు బల్ల ముందు కూతురు మాట్లాడకూడదు. అందుకని ఏడు వాక్యాలు రాసిచ్చింది. నా పేరు గులిజార్ అక్‌పినార్. నేను పందొమ్మిదేళ్ళు దీపాల కార్ఖానాలో, ఇరవై రెండేళ్ళు ఆస్పత్రిలో పనిచేశాను. ఇలాంటివి. నెల రోజులుగా వంటింట్లో అవే జపం. సోమవారం సాయంత్రానికి తను పెంచే పావురాలకు కూడా వచ్చేసి ఉంటాయని దుర్ముష్ వెక్కిరించాడు.

వెక్కిరించి ఊరుకుంటే బాగుండేది. నిద్రపోయే ముందు, "అన్నట్టు, పొరుగువాళ్ళను కూడా వాకబు చేస్తారు. నాకిచ్చినప్పుడు చేశారు" అని ఒక రాయి వేశాడు. ఎవరూ చేయలేదు. ఊరికే అన్నాడు. కానీ గులిజార్ గుండెల్లో ఆ రాయి పడింది. పొరుగువాళ్ళు అంటే కింది వాటాలో క్రాంపిట్జ్. ట్రామ్‌లలో టిక్కెట్లు తనిఖీ చేసి రిటైరైన డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి. ఆ ఇంటి మీద ఆయనకు ఏ అధికారమూ లేదు. అందుకే ఎవరూ ఆపలేనంతగా చెలాయించేవాడు. ఆ వారం మెట్లు తుడిచే వంతు గులిజార్‌దే, వంతు తెలిపే అట్టముక్క ఆవిడ తలుపు పిడికే వేలాడుతోంది. ఆదివారందాకా గడువుంది. అయినా సరే, పురపాలకంవాళ్ళు ఫోన్ చేసినప్పుడు "ఆవిడా? మెట్లు మురిగ్గా ఉన్నాయండీ" అని క్రాంపిట్జ్ అంటే? దీపాలూ ఆస్పత్రీ అన్నీ గంగలో కలిసినట్టే.

కాబట్టి మంగళవారం పొద్దున్నే ఏడూ పదికి, జంట కెటిల్‌లో కింద నీళ్ళు, పైన టీ ఆకు వేసి సన్నసెగ మీద పెట్టి, పూల గౌను మీద ఏప్రాన్ కట్టి, ఇంటి చెప్పులతోనే బకెట్ తీసుకుని బయటికి వచ్చింది. దుర్ముష్ మంచం అప్పటికే ఖాళీ. పావురాల గూటికి పోయి ఉంటాడు, పాత గని దోస్తులందరూ చేరేది అక్కడే. ఆ తలుపుకు బయటివైపు తిప్పే పిడి ఉండదు. మూసుకుందంటే తాళంచెవి కావాల్సిందే. గులిజార్ తెలివైనది, పాత తోలుచెప్పు ఒకటి తెచ్చి గడపలో అడ్డుపెట్టింది. మూడో అంతస్తు నుంచి కింద వాకిలిదాకా ఒక్కో మెట్టూ రెండుసార్లు తుడిచింది. చివరి మెట్టు దగ్గర నడుం నిలబెట్టి పైకి చూస్తే ఆవిడకే ముద్దొచ్చింది.

సరిగ్గా ఎనిమిదింటికి క్రాంపిట్జ్ బయటికి వచ్చాడు. ఎనిమిదింటికి మెట్ల కిటికీలన్నీ తెరిచి గాలి ఆడించడం ఆయన దినచర్య. వర్షమైనా మంచైనా అది తప్పదు. ఆవిడకు గుడ్‌మార్నింగ్ చెప్పి, పైదాకా వెళ్ళి ఒక్కో కిటికీ తెరుచుకుంటూ వచ్చాడు. మూడో అంతస్తులో ఆయనకు గడపలో ఒక చెప్పు కనిపించింది. మెట్ల దగ్గర చెప్పులు ఉంచరాదన్నది ఇంటి నిబంధనల్లో పద్నాలుగోది. రెండువేల పదకొండులో ఈ చెప్పుల మీదే ఇద్దరికీ పెద్ద గొడవై, ఆయన దగ్గరుంచిన మారు తాళంచెవిని గులిజార్ లాక్కుపోయింది. ఇవాళ ఆవిడకు ముఖ్యమైన రోజని ఆయనకు తెలుసు. గొడవెందుకని మర్యాదగా ఆ చెప్పు తీసి, దులిపి, లోపల చాప మీద జతకు జత పెట్టాడు. అటు తిరిగాడో లేదో, ఆయన తెరిచిన కిటికీ గాలికి తలుపు ధడాలున మూసుకుంది.

కింద గులిజార్ చేతిలో తుడుపుకర్ర జారిపోయింది.

"ఎవరు నా చెప్పు తీసింది?"

"నిబంధన పద్నాలుగు ప్రకారం నేనే" అన్నాడు క్రాంపిట్జ్ పైనుంచి, ఇంకా మెచ్చుకుంటుందేమోనన్న ఆశతో.

గులిజార్ నడుం నొప్పి మర్చిపోయి మూడంతస్తులూ ఎక్కింది. తాళంచెవి లోపల. ఫైలు లోపల. నీలం గౌను లోపల. ఏడు వాక్యాల కాగితం లోపల. కెటిల్ పొయ్యి మీద. మారు తాళంచెవి నెర్గిస్ దగ్గర. నెర్గిస్ పనిచేసే బడి అక్కడికి నలభై నిమిషాల దూరం.

"కంగారు పడకండి. మీ ఆయన్ని లేపితే సరి" అని క్రాంపిట్జ్ తలుపు బాదాడు.

"ఆయన లోపల లేడండీ. పావురాల దగ్గరికి పోయాడు."

"పోవడం నేను చూడలేదే."

"మీరు చూడకపోతే పోనట్టేనా?"

"ముప్పై ఒక్క ఏళ్ళుగా అంతేనండీ. నాకు తెలియకుండా ఈ ఇంట్లోంచి పిల్లి కూడా పోలేదు."

ఆయన తన ఫోన్ తీసి దుర్ముష్‌కు చేశాడు. తలుపుకు అవతల ఫోన్ మోగింది. మోగి మోగి ఆగిపోయింది. క్రాంపిట్జ్ ముఖం గంభీరమైంది. "ఫోన్ లోపలుంది. ఎత్తడం లేదు" అన్నాడు.

"ఫోన్ ఉంటే మనిషి ఉన్నట్టా? ఆయన ఫోన్ మర్చిపోని రోజేది?"

"చిన్న వయసా అండీ ఆయనది? గుండె ఆపరేషన్ అయిన మనిషి. మీరు నిద్రలేచాక ఆయన్ని చూశారా?"

గులిజార్ చూడలేదు. స్నానాల గది తలుపు మూసి ఉండటం మాత్రం చూసింది. అది ఎప్పుడూ మూసే ఉంటుంది, తేమకు ఉబ్బి బిగుసుకుపోయింది. అయినా క్రాంపిట్జ్ అలా అడిగేసరికి, యాభై ఏళ్ళ నుంచి తెలిసిన మొగుడి మీద ఆవిడకే అనుమానం పుట్టింది. సరిగ్గా ఆ క్షణానే లోపల నీళ్ళింకిపోయిన కెటిల్ పిడి మాడి, పొగ అలారం కీచుమని అరవడం మొదలెట్టింది. మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టయింది.

ఇక క్రాంపిట్జ్‌ను ఆపడం ఎవరి తరం కాలేదు. "మూడో అంతస్తు, పొగ, లోపల ఒక వృద్ధుడు, డెబ్భై ఆరేళ్ళు, గుండె జబ్బు, పలకడం లేదు" అని ఫోన్‌లో చెప్పేశాడు. గులిజార్ ఆయన చేతిలో ఫోన్ లాక్కుని, "వృద్ధుడు లేడండీ! టీ ఉంది!" అని అరిచింది. అవతలివాళ్ళు, "అమ్మా, ధైర్యంగా ఉండండి" అన్నారు. ఆ తర్వాత క్రాంపిట్జే నెర్గిస్‌కు ఫోన్ చేసి తాళంచెవి తెమ్మన్నాడు. ఎందుకో కూడా వివరంగా చెప్పాడు. ఆ పిల్ల ఏడుస్తూ బయల్దేరింది.

ఎనిమిదింబావుకు వీధిలో రెండు ఫైరింజన్లు, ఒక అంబులెన్సు, ఒక పోలీసు కారు. నిచ్చెన వేసి, వంటింటి కిటికీలోంచి ఇద్దరు లోపలికి దూకారు. పొయ్యి ఆర్పారు, తలుపు తీశారు. గులిజార్ ప్రాణం లేచొచ్చి ఫైలు కోసం లోపలికి ఉరికితే, దళనాయకుడు చెయ్యి అడ్డుపెట్టాడు. ముందు మనిషిని కాపాడాలట. స్నానాల గది తలుపు రావడం లేదని లోపల్నుంచి ఎవరో అరిచారు.

"దాన్ని కాస్త పైకెత్తి తోయండి! ఎత్తి, తోయండి! గొడ్డలెందుకురా నాయనా, ఎత్తండి ముందు!" అని గులిజార్ మెట్ల మీదనుంచి గొంతు చించుకుంది.

గొడ్డలి పనే అయింది. లోపల తొట్టిలో నానబెట్టిన దుప్పటి తప్ప ఏమీ లేదు.

దుర్ముష్ అప్పుడు వచ్చాడు. నీ ఇంటి ముందు అంబులెన్సు ఆగిందిరా అని దోస్తు ఎవరో చెప్తే, చేతిలో ఉన్న పావురాన్ని గూట్లో పెట్టాలన్న ధ్యాస కూడా లేకుండా పరిగెత్తుకొచ్చాడు. మెట్ల మీద హెల్మెట్లను తోసుకుంటూ, "నా పెళ్ళాం! నా పెళ్ళాం ఎక్కడ?" అన్నాడు.

"మీరెవరండీ?" అన్నాడు దళనాయకుడు.

"ఈ ఇంటాయన్ని!"

"ఈ ఇంటాయన కోసమే మేం వెతుకుతున్నది. దొరకలేదు."

"ఏమయ్యాడు?" అన్నాడు దుర్ముష్.

పై మెట్టు మీద భర్త గొంతు విన్న గులిజార్‌కు ముందు ఏడుపొచ్చింది, వెంటనే కోపం వచ్చింది. "నువ్వేనయ్యా ఆ పోయినవాడివి! చెప్పకుండా పోయి, బతికుండి నా పరువు తీశావు!" అంది. ఆయన ఏమీ అర్థంకాక ఆవిడ భుజం మీద తల పెట్టి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఇద్దరి మధ్యా నలుగుతూ పావురం గురగురమంది.

అది చూసి పోలీసు పిల్ల నోట్‌బుక్ తీసింది. తప్పిపోయిన మనిషిని రాసుకున్నాక, దొరికిన మనిషిని కూడా రాసుకోవాలి కదా. ఏం జరిగిందమ్మా అని అడిగింది. గులిజార్ చెప్పింది. చెప్పు దగ్గర మొదలుపెట్టి, కిటికీ, గాలి, కెటిల్, ఫోన్, దుప్పటిదాకా ఒక్క ఊపులో చెప్పింది. పోలీసు పిల్ల రెండుసార్లు, "కాస్త నెమ్మదిగా చెప్పండమ్మా" అని బతిమాలింది.

పక్కన దుర్ముష్ ముఖం వాడిపోయింది. "పోలీసు కాగితంలో పేరెక్కింది. అదీ ఇవాళ. ఇక పౌరసత్వం మీద ఆశ వదిలేసుకో గుల్లూ" అన్నాడు. ఈసారి వెక్కిరింపు లేదు. నిజంగానే బాధపడ్డాడు.

గులిజార్ గడియారం చూసింది. తొమ్మిదీ అయిదు. నీలం గౌను నిండా పొగ కంపు. ఏడు వాక్యాల కాగితాన్ని ఎవరి బూటో తడి చేసేసింది. ఫైలు మాత్రం క్షేమం. అప్పుడే నెర్గిస్ రొప్పుతూ వచ్చి, తండ్రిని తడిమి చూసుకుని, తల్లి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నేనూ వస్తాను. ఈ పరిస్థితిలో నువ్వేం మాట్లాడతావు? వాళ్ళకు నేను చెప్తాను."

"వద్దు" అంది గులిజార్. పూల గౌను మీదే కోటు వేసుకుని బొత్తాలు పెట్టుకుంటోంది. "నీకు ఎనిమిదేళ్ళప్పటి నుంచీ నా నోరు నువ్వే మోశావు. చాలు తల్లీ. ఇవాళ నా నోరు నేనే తీసుకెళ్తాను."

ఆ మాట అనడానికి బాగానే ఉంది. కానీ ట్రామ్ వెళ్ళిపోయింది. నెర్గిస్ హడావుడిలో తన కారును రెండు ఫైరింజన్ల మధ్య దూర్చింది, అదిక కదలదు. వీధిలో కదలగలిగిన కారు ఒక్కటే, ఇంటి వెనక షెడ్డులో ఉన్న క్రాంపిట్జ్ కారు. ఆయన అప్పటికే కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని, తాళాలతో నిలబడి ఉన్నాడు.

"మీరు ఆలస్యం కావడానికి కారణం నేను. ఆ సంగతి నేనే వచ్చి చెప్పాలి. అది పద్ధతి" అన్నాడు.

కారులో గులిజార్ పెదవులు కదులుతూనే ఉన్నాయి. నా పేరు గులిజార్ అక్‌పినార్. నేను పందొమ్మిదేళ్ళు. ఆ తర్వాత ఏమిటి? క్రాంపిట్జ్ గంటకు ముప్పై కిలోమీటర్ల బోర్డు కనిపించినచోట ఇరవై తొమ్మిదితో పోయాడు. పచ్చదీపం పసుపు కాబోతుందేమోనని ముందే ఆగాడు. ఖాళీ రోడ్డు మీద ఒక బాతు దాటేదాకా ఇంజను ఆపి కూర్చున్నాడు. గులిజార్‌కు ఆయన్ని చంపాలనిపించింది, కానీ భయంలో ఆ కోపం నోట్లోకి రాలేదు.

వాళ్ళు మూడో అంతస్తు చేరేసరికి తొమ్మిదీ ముప్పై నాలుగు. తలుపు మీద హెల్మ్‌కే అన్న పేరు. లోపల బల్ల. బల్ల మీద ముద్ర. బల్ల వెనక కళ్ళద్దాలు పెట్టుకున్న ఒకామె, యాభై ఏళ్ళుంటాయి. పొగ కంపు కొడుతూ, కోటు కింద పూల గౌనుతో, ఒక కాలికి బూటు, ఒక కాలికి ఇంటి చెప్పుతో వచ్చిన మనిషిని ఆమె తలెత్తి చూసింది. అంతవరకూ ఆ సంగతి గులిజార్ కూడా గమనించలేదు.

"కూర్చోండి అక్‌పినార్ గారూ. మీ కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇంక కాసేపు మాట్లాడుకుందాం. ఎలా వచ్చారు ఇవాళ?"

గులిజార్ నోరు తెరిచింది. ఏమీ రాలేదు. నాలుక అంగిటికి అతుక్కుంది. పద్దెనిమిదేళ్ళ వయసులో విన్న ఆ నవ్వు చెవుల్లో మోగింది. హెల్మ్‌కే గారు ఓపిగ్గా, "మీరు ఎక్కడ పనిచేసేవారు?" అని మార్చి అడిగింది. గులిజార్ ఫైలును గుండెలకు హత్తుకుని బల్ల అంచునే చూస్తూ కూర్చుంది. యాభై మూడేళ్ళు. పందొమ్మిదీ ఇరవై రెండూ. అన్నీ లోపల ఉన్నాయి, ఒక్కటీ బయటికి రావడం లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హెల్మ్‌కే గారు నొచ్చుకుంటూ కలం తీసుకుంది.

గుమ్మం దగ్గర టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డ క్రాంపిట్జ్ గొంతు సవరించుకున్నాడు.

"క్షమించండి మేడమ్. ఆలస్యానికి కారణం చెప్పాలి. ఈవిడ పొద్దున్న మెట్లు తుడిచారు. అంటే, సగం తుడిచారు. రెండో అంతస్తు నుంచి పైన అసలు ముట్టుకోలేదు. మూలల్లో దుమ్ము అలాగే ఉంది."

గులిజార్ తల మెల్లగా ఆయనవైపు తిరిగింది.

"ఏమన్నారూ?"

"సగం అన్నాను. ఎప్పుడూ అంతేలెండి. పై వాటావాళ్ళకు మూలలు కనబడవు."

అంతే, ఆనకట్ట తెగింది.

"సగమా? నేనా సగం? మూడో అంతస్తు నుంచి వాకిలిదాకా రెండుసార్లు తుడిచాను, మోకాళ్ళ మీద కూర్చుని మూలల్లో గుడ్డపెట్టి తీశాను! మీ వారం వచ్చినప్పుడు మీరేం చేస్తారో నాకు తెలీదా? తడిగుడ్డతో అలా దీవించి పోతారు! దీపాల కార్ఖానాలో పందొమ్మిదేళ్ళు పనిచేశాను, రోజుకు రెండువేల దీపాలు నా చేతిమీదుగా పోయేవి, ఒక్కటి పగిలితే ఒట్టు! ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు ఈ ఊరి ఆస్పత్రిలో ఆపరేషన్ గదులు తుడిచాను. నేను తుడిచిన నేల మీద నిలబడి డాక్టర్లు మనుషుల గుండెలు తెరిచారండీ! ఇరవై రెండేళ్ళలో ఒక్క డాక్టరు ఒక్క మరక చూపించలేదు. మీ ఆవిడకు, పాపం మహాతల్లి, ఆపరేషన్ అయింది ఏ గదిలో? ఆ పొద్దున్న ఆ గది తుడిచింది ఎవరు? అడిగి రాసుకోండి మీ నిబంధనల పుస్తకంలో! ఈ ఊరికి నేను పెట్టని దీపం లేదు, తుడవని గుమ్మం లేదు. ఇప్పుడొచ్చి నాకు మూలలు కనబడవంటారా? నా చెప్పు తీసిందెవరు? కిటికీ తెరిచిందెవరు? బతికున్న మొగుణ్ణి చంపి ఫైరింజన్ పిలిచిందెవరు? బాతు కోసం ఇంజను ఆపిందెవరు? నేను కాదు, మీరు!"

ఇది కొంత మాత్రమే. మొత్తం పదకొండు నిమిషాలు సాగింది. నడుమ హెల్మ్‌కే గారు కలం కింద పెట్టేసింది. చేతులు కట్టుకుంది. ఒక దగ్గర నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుంది. పక్కగదిలోంచి ఇద్దరు తొంగిచూశారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఊపిరి కోసం ఆగినప్పుడు గులిజార్‌కు ఎక్కడున్నదో గుర్తొచ్చింది. బల్ల. ముద్ర. ఆవిడ కుర్చీలో కుంచించుకుపోయింది. అంతా అయిపోయిందనుకుంది. ఇంక ఎలాగూ పోయేదేం లేదని, "పోలీసులు కూడా వచ్చారండీ. పేరు రాసుకున్నారు" అని నిజం కూడా చెప్పేసింది.

"తలుపు మూసుకుపోవడం నేరం కాదండీ" అంది హెల్మ్‌కే గారు. కలం తీసుకుని కాగితం మీద ఒక గడిలో టిక్కు పెట్టింది. ఏం రాసిందో గులిజార్‌కు తిరగేసి చూపించింది. రోజువారీ అవసరాలకు జర్మన్‌లో ఇబ్బంది లేకుండా మాట్లాడగలరు, అని అచ్చులో ఉంది. దాని పక్కన ఆవిడ చేత్తో ఇంకో మాట చేర్చింది: చాలా.

గులిజార్ ఆ మాటనే చూస్తూ ఉండిపోయింది. యాభై మూడేళ్ళ కిందటి నవ్వు ఎక్కడికో పోయింది. గుండె నిండి గర్వం పొంగింది. నిటారుగా కూర్చుని తలగుడ్డ సరిచేసుకుంది.

"మరి ఓటు?" అని అడిగింది. ఆ బల్లకు ఆమె వేసిన మొదటి ప్రశ్న అది.

"పత్రం ఇంకొన్ని వారాల్లో చేతికిస్తాం. ఆ తర్వాత వచ్చే మొదటి ఎన్నికలోనే వేయొచ్చు."

అప్పుడు హెల్మ్‌కే గారు క్రాంపిట్జ్‌వైపు తిరిగింది. "అవునండీ, నిజంగా సగమే తుడిచారా?"

క్రాంపిట్జ్ టోపీని అటూ ఇటూ తిప్పాడు. "లేదండీ. పూర్తిగా తుడిచారు. ఎప్పుడూ పూర్తిగానే తుడుస్తారు. అలాంటి మెట్లు ఈ వీధిలో ఇంకెక్కడా ఉండవు."

"మరి అలా అన్నారేం?"

"ముప్పై ఒక్క ఏళ్ళలో ఈవిడ నోరు మూతపడటం నేనెన్నడూ చూడలేదండీ" అన్నాడు క్రాంపిట్జ్ నేలచూపులు చూస్తూ. "భయం వేసింది."

గులిజార్ ఆయన్ని ఎగాదిగా చూసింది.

హెల్మ్‌కే గారు ఇంకో కాగితం ముందుకు జరిపింది. పత్రం ఇచ్చేది పెద్ద హాలులో, సభ జరిపి. అందరి ముందూ లేచి నిలబడి ఒక ప్రమాణ వాక్యం గట్టిగా చదవాలి. అక్కడా ఒక బల్ల ఉంటుంది. ముందు వరసలో అభ్యర్థి పక్కన ఒక్కరు కూర్చోవచ్చు, ఆ పేరు ఇప్పుడే రాసుకోవాలి. భర్తా? అమ్మాయా?

గులిజార్ గుమ్మం దగ్గరున్న క్రాంపిట్జ్‌వైపు చూసింది.

"వాళ్ళు వెనక వరసలో కూర్చుంటారు లెండి. ఈయన పేరు రాయండి. మళ్ళీ నాకు నోరు పెగలకపోతే పక్కన ఎవరో ఒకరు వంక పెట్టాలి కదా."

క్రాంపిట్జ్ ఎర్రబడ్డాడు. హెల్మ్‌కే గారు పేరు రాసుకుని, తర్వాతి గడి దగ్గర కలం ఆపింది. "బంధుత్వం ఏమని రాయమంటారు?"

"ఏ బంధుత్వమూ లేదు" అన్నారు ఇద్దరూ ఒక్కసారిగా.

ముప్పై ఒక్క ఏళ్ళలో వాళ్ళిద్దరి మాటా ఒకటవడం అదే మొదటిసారి.